రెండు వందల పద్నాలుగు మాటలు

సఖినేటిపల్లి,
నవంబరు 16, 2025.

అక్కా,

ఇక్కడ అందరం క్షేమం, నువ్వు అక్కడ క్షేమమని తలుస్తాను అని పూర్తిగా రాయాలంటే నాకు ముప్పావుగంట పడుతుంది. కాబట్టి రాసేసినట్టే అనుకో. ఈ ఉత్తరం నాలుగో తారీఖున మొదలుపెట్టాను. తెర మీద అక్షరాల వరసల మీదుగా ఒక వెలుగు నడుస్తూ పోతుంది. నాకు కావలసిన అక్షరం మీదికి అది రాగానే చూపుడువేలితో బటన్ నొక్కాలి. తప్పిపోతే మళ్ళీ మొదటినుంచీ. పన్నెండేళ్ళు ఈ రేవులో పంటు నడిపాను. అవతలి ఒడ్డునుంచి పంటు వచ్చేదాకా కాచుకుని కూర్చునే జనం ఎందుకంత విసుక్కునేవారో ఇప్పుడు తెలిసొస్తోంది.

అసలు సంగతి. పది రోజులుగా తెర మధ్యలో ఒక పెట్టె వచ్చి కూర్చుంటోంది. కంప్యూటరుకి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చిందట, ఎక్కించమంటారా అని అడుగుతుంది. కింద రెండే జవాబులు: ‘ఇప్పుడే’, ‘తర్వాత’. నేను రోజూ పొద్దున్నే ‘తర్వాత’ నొక్కి నా పని చూసుకుంటున్నాను.

ఈ మెషీను ఇచ్చిన ట్రస్టు వాళ్ళు అమలాపురం నుంచి మురళీమోహన్ గారిని పంపించారు. మంచి మనిషి, ఉన్నదున్నట్టు చెప్పారు. “దాచడం ఎందుకండీ, కొత్తది ఇంకా పూర్తిగా కుదురుకోలేదండి. అప్పుడప్పుడూ బిగుసుకుపోతందండి. మీ గొంతు రికార్డులు అందులో తెరుచుకుంటాయని నేను పూచీ ఇవ్వలేనండి. ఒకసారి ఎక్కించేకా మళ్ళీ పాతదానికి రావడం ఉండదండి” అన్నారు.

గొంతు రికార్డులంటే నీకు తెలుసు. ఈ నరాల జబ్బుకి మొదట పోయేది మాటే అని డాక్టరు చెప్పిన నెలలో, ఇంకా మాట వస్తుండగానే కూర్చుని రెండు వందల పద్నాలుగు మాటలు రికార్డు చేశాను. ఒక్కో మాటకి ఒక్కో బొమ్మ. ఆ బొమ్మ నొక్కితే నా గొంతే పలుకుతుంది. మూడేళ్ళుగా ఈ ఇంట్లో నేను పైకి మాట్లాడేదంతా ఆ రెండు వందల పద్నాలుగులోదే. ఇంకేం చెప్పాలన్నా ఇలా రాసి, ఎవరైనా వచ్చి చదివేదాకా ఆగాలి.

కొత్తది అలా కాదు. ఏం రాసినా గట్టిగా చదువుతుంది. కానీ ఎవరిదో గొంతు. మురళీమోహన్ గారు తన ల్యాప్‌టాప్‌లో వినిపించారు. రేడియోలో వార్తలు చదివే మనిషిలా ఉన్నాడు. “చిన్నీ, హోంవర్కు రాశావా?” అని ఆ గొంతు అడిగేసరికి చిన్ని వెళ్ళి వాళ్ళమ్మ వెనకాల నిలబడింది. ఏడేళ్ళ పిల్ల, దానికి నాన్న అంటే ఆ పాత గొంతే మరి. ఇంకో సౌకర్యం కూడా ఉందట. వేలు కదలకపోయినా కంటిచూపుతో అక్షరాలు ఏరుకోవచ్చట. వేలుండగా కంటితో పనేమిటండీ అని రాసి చూపించాను. ఆయన నవ్వి ఊరుకున్నారు గాని, ఒకసారి నా చేతివైపు చూశారు.

డిసెంబరు ముప్పై ఒకటి దాటితే పాతది చెడిపోయినా బాగుచెయ్యరట. మొన్న తుఫానుకి మూడు రోజులు కరెంటు లేదు కదా, బ్యాటరీ అయిపోయాక గోడ చూస్తూ పడుకున్నాను. నాకు దాహమో, దోమ కుడుతోందో, వేణి నా మొహం చూసి ఊహించుకునేది. ఎక్కువసార్లు తప్పే. పాతది ఉంచుకుంటే ఏ రోజు ఆగిపోతుందోనని భయం. కొత్తది ఎక్కిస్తే నా గొంతు పోతుందేమోనని భయం. ఇంట్లో ఈ మాట అనలేదు, నీకే రాస్తున్నాను. ఏం చెయ్యమంటావు?

నీ తమ్ముడు,
ప్రసాదు.


సాల్మియా, కువైట్,
నవంబరు 21, 2025.

ఒరేయ్ ప్రసాదూ,

ఎప్పట్లాగే కాగితం మీద రాసి, ఫొటో తీసి వేణి ఫోనుకి పంపుతున్నాను. నా దస్తూరీ చూసి నవ్వుకోకండి మొగుడూ పెళ్ళాలు. ఫోనులో అయితే నేనొక్కదాన్నే వాగుతాను, నువ్వు వింటూ ఉంటావు. ఉత్తరమైతే ఇద్దరం సమానం.

నీ మెయిలు మేడం వాళ్ళ వంటింట్లో నిలబడి చదివాను. ‘నా గొంతు పోతుందేమో’ దగ్గరికి వచ్చేసరికి పొయ్యి మీద పాలు పొంగి వొలికిపోయాయి, మేడం చేత నాలుగు తిట్లు తిన్నాను. నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నాను: వద్దు. ఆ పెట్టె వస్తే రానీ, రోజూ ‘తర్వాత’ నొక్కు. ఎక్కించేవాడే కుదురుకోలేదని చెబుతుంటే మనకెందుకురా ఆ తొందర? పాత పంటుకి ఎన్నిసార్లు అతుకులు వేయించి నడిపావు, గుర్తులేదూ?

ప్రతి శుక్రవారం వీడియోలో నువ్వు ఒక బొమ్మ నొక్కుతావు. “అక్కా, అన్నం తిన్నావా?” అంటుంది నీ గొంతు. “తిన్నానురా” అంటాను. ఈ దేశంలో నన్ను ఆ మాట అడిగేవాళ్ళు ఎవరూ లేరు. ఆ మాటకోసం గురువారం నుంచే కాచుకుని ఉంటాను. దాన్ని తీసేసి ఎవడో వార్తలాయన్ని తెచ్చి పెడతానంటే నేను ఒప్పుకోను.

పైగా వచ్చే వారంలో మూఢం వస్తోంది. మాఘమాసం చివరిదాకా మంచిరోజు లేదు. మన సిద్ధాంతి గారికి ఫోన్ చేసి మరీ కనుక్కున్నాను. మూఢంలో కొత్తది ఏదీ మొదలుపెట్టకూడదు. వేణితోనూ చెప్పాను, “ఆయ్, అలాగే వదినా, ఆయన్ని ముట్టుకోనివ్వను” అంది. ఫిబ్రవరి వెళ్ళాక చూద్దాం.

నేను బాగానే ఉన్నాను. సన్నబడ్డావు వదినా అంటోంది నీ పెళ్ళాం. ఈ ఫోను కెమెరా అంతే, మొహాన్ని సాగదీసి చూపిస్తుంది. చిన్నికి ముద్దులు.

మీ అక్క,
వీరలక్ష్మి.


సఖినేటిపల్లి,
డిసెంబరు 3, 2025.

అక్కా,

నా గొంతు ఫోనులో పట్టి దాచుకుంటే సరిపోతుంది కదా అని అందరూ అంటున్నారు. వేణి కూర్చుని రెండు వందల పద్నాలుగూ ఫోనులో పట్టింది కూడా. నీకూ పంపుతుంది. కానీ అది మీకు మిగులుతుంది, నాకు కాదు. నేను నొక్కి పలికించినప్పుడే అది నా మాట. మీ ఫోనులో ఉన్నది దండ వేసిన ఫొటో. నేనింకా ఇక్కడే ఉన్నాను.

మూఢమని వేణి మెషీను తుడవడానికి కూడా జంకుతోంది. మొన్న అది తనంతట తనే ఆగిపోయింది. నాలుగు నిమిషాలకి వెలిగింది. ఆ నాలుగు నిమిషాలూ చిన్ని పక్కనే ఆడుకుంటోంది, పిలవలేకపోయాను.

కొత్తదే మంచిదేమో అనిపిస్తోంది. ఇంకా రాయాలని ఉంది. ఆపుతున్నాను.

ప్రసాదు.


సాల్మియా,
డిసెంబరు 8, 2025.

ప్రసాదూ,

నీ ఉత్తరం చూశాను. అంతకుముందు రాసినదాంట్లో నాలుగో వంతు కూడా లేదు. ‘ఇంకా రాయాలని ఉంది, ఆపుతున్నాను’ అంటే నాకు అర్థం కాదనుకున్నావా? చిన్నప్పుడూ ఇంతే. అలిగితే మాటలు మానేసి ఏటిగట్టు మీదికి పోయి కూర్చునేవాడివి. అన్నం కంచం పట్టుకుని నీ వెనకాల తిరిగింది అమ్మ కాదు, నేను. వద్దన్నానని కోపం వచ్చిందా? వస్తే రానీ. ఇప్పుడూ వద్దనే అంటున్నాను.

దండ వేసిన ఫొటో అని రాయడానికి నీకు వేలెలా వచ్చిందిరా? ఆ మాట చదివాక రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు.

ఒక మాట అడుగుతాను, తప్పనుకోకు. కొత్తది మంచిదని నీకు నూరిపోసింది వేణేనా? ఎదురుగా నాతో “అలాగే వదినా” అని, వెనకాల నీతో ఇంకోటి చెబుతోందా? మూడేళ్ళుగా ఆ రెండు వందల మాటలే విని విని దానికి విసుగు పుట్టిందేమో. పుట్టినా అనలేను, రోజూ నీకు చేసేది తనే, నేనెక్కడో కూర్చుని ఉత్తరాలు రాసేదాన్ని. కానీ ఆ గొంతు తనొక్కదానిదే కాదు.

నేను రెండో కంప్యూటరు కొని పంపుతాను. పాతది ఒక పక్క, కొత్తది ఒక పక్క పెట్టుకో. సరేనా? కోపం మాని నిండుగా ఒక ఉత్తరం రాయి.

అక్క.


సఖినేటిపల్లి,
డిసెంబరు 19, 2025.

అక్కా,
కోపం లేదు. వేణిని అనకు. రెండోది వద్దు.
ప్రసాదు.


సాల్మియా,
డిసెంబరు 24, 2025.

తమ్ముడూ,

పదకొండు రోజులు ఎదురుచూస్తే ఒక్క వరస. దాన్ని ఎన్నిసార్లు చదివానో! కోపం లేదన్నవాడు ‘నీ తమ్ముడు’ అని కూడా రాయలేదేమిటి అని ఒకసారి, పోనీలే పేరైనా రాశాడు అని ఒకసారి.

వేణికి నేనే ఫోన్ చేశాను. నోరుజారాను, క్షమించమ్మా అన్నాను. “అయ్యో, దానికేం వదినా, మీరు కాకపోతే ఎవరంటారు” అంది. అని ఏడ్చింది. నేనన్న మాటకి కాదని తెలుస్తూనే ఉంది. ఎందుకే అంటే చెప్పలేదు. పొయ్యి మీద కూర ఉంది వదినా అని పెట్టేసింది.

మొన్న శుక్రవారం నువ్వు నన్ను అన్నం తిన్నావా అని కూడా అడగలేదు. ఆ ముందు వారమూ అడగలేదు. వేణి ఫోను నీ మొహం దగ్గరే పట్టుకుంది. ఇదివరకు మంచం, మెషీను, నీ చెయ్యి, కిటికీలోంచి కొబ్బరిచెట్లు అన్నీ కనపడేవి. నేను అడగలేదు. అడిగితే ఏం చెప్తారోనని అడగలేదు.

నాకు భయంగా ఉందిరా. మీరిద్దరూ ఏదో దాస్తున్నారు. మెషీను పాడైందా? నీకేమైనా అయిందా? ఎంత కోపమున్నా సరే, ఒక్క మాట రాయి.

అక్క.


జనవరి 2, 2026.

అక్కా,
వేలు పోతోంది. నవంబరు నుంచే. చెప్పలేదు. వేణి కనిపెట్టింది. ఇది తొమ్మిది రోజులు రాశా.
ఇప్పుడే నొక్కనా?


సాల్మియా,
జనవరి 3, 2026.

నొక్కు. నొక్కరా నాయనా.

నీ ఉత్తరాలు చిన్నవైపోతుంటే అలిగావనుకున్నాను. నా బుద్ధికి ఇంతకంటే తోచలేదు. రెండు కంప్యూటర్లు పెట్టినా పాతదాన్ని ఆ వేలితోనే కదా నొక్కాలి.

ఇంకొకటి చెప్పాలి. సిద్ధాంతి గారికి ఫోన్ చేశానన్నది నిజమే. ఆయన ఏమన్నారో మాత్రం మీకు చెప్పలేదు. “మూఢం పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీనమ్మా, మనిషికి వైద్యం చేయించడానికి మూఢమేమిటి, ఎప్పుడైనా చేయించుకోవచ్చు” అన్నారు. నేను మొదటి సగమే మీకు రాశాను. వేణి ముహూర్తాలకి భయపడుతుందని నాకు తెలుసు. ఆ భయాన్ని అడ్డం పెట్టుకుని ఫిబ్రవరి దాకా నీ గొంతు నిలుపుకుందామనుకున్నాను. నెలన్నర నీ వేలు వృథాగా అరగదీయించాను. ఈ సంగతి వేణికి నువ్వు చెప్పొద్దు, నేనే చెప్పుకుంటాను.

నా గురించి చూడకు. గొంతు పోతే పోయింది. నొక్కు.

అక్క.


సఖినేటిపల్లి,
జనవరి 28, 2026.

అక్కా,

ఇది కంటితో రాస్తున్నాను. చూపు నిలిపిన అక్షరం తెర మీద పడుతుంది. వత్తులు జారిపోతుంటే వెనక్కి వెళ్ళి దిద్దుకుంటున్నాను. గంటకోసారి మెషీను బిగుసుకుపోతుంది. చిన్ని వచ్చి దాని చెవి మెలిపెట్టి, అంటే పక్కనున్న బటన్ నొక్కి, లేపుతుంది. అయినా ఈ ఉత్తరం మొదలుపెట్టి నాలుగు రోజులే అయింది.

ఐదో తారీఖున మురళీమోహన్ గారు వచ్చారు. కరెంటు మధ్యలో పోతే ప్రమాదమని ఎవరిదో కారు బ్యాటరీ కూడా మోసుకొచ్చారు. పెట్టె తెర మీదే ఉంది. వెలుగు ‘ఇప్పుడే’ మీద కాసేపు, ‘తర్వాత’ మీద కాసేపు ఉండి మారుతోంది. నా వేలు బటన్ మీదే ఉంది, కదలడం లేదు. “నేను నొక్కేనాండి?” అన్నారు ఆయన. వేణి “వద్దండి. ఆయన్నే నొక్కనివ్వండి. మాకేం తొందర లేదండి” అంది. మూఢమని మెషీను వైపు చూడనిది, నా మంచం పక్కనే నిలబడి ఆ మాట అంది. ఎన్నిసార్లు ఆ వెలుగు వచ్చి పోయిందో లెక్కపెట్టలేదు. ఆఖరికి పడింది. ఆ వేలు చేసిన చివరి పని అదే అక్కా. తర్వాత మళ్ళీ కదలలేదు.

తెర నల్లబడింది. ‘ఆపవద్దు’ అని మాత్రం ఉంది. మూడు గంటలు. మధ్యలో కరెంటు పోయింది కూడా, ఆ కారు బ్యాటరీయే కాపాడింది. ఆ మూడు గంటలూ నాకు పాత మాటా లేదు, కొత్త మాటా లేదు. ఇది మళ్ళీ వెలగకపోతే ఇంక ఎప్పటికీ ఇంతేననుకుంటూ సీలింగు ఫ్యాను చూస్తూ పడుకున్నాను. తుఫాను మూడు రోజులకంటే పెద్దవి ఆ మూడు గంటలు.

వెలిగింది. రెండు వందల పద్నాలుగులో తొమ్మిది తెరుచుకున్నాయి. ఏవో తెలుసా? “ఎక్కకండి, పంటు నిండిపోయింది.” “చిల్లర ఇవ్వండి బాబూ.” “బళ్ళు ముందు, మనుషులు వెనక.” సరదాకి రికార్డు చేసిన రేవు మాటలన్నీ ఉన్నాయి. చిన్నిని పిలిచింది పోయింది. వేణిని పిలిచింది పోయింది. నీ మాటా పోయింది. మురళీమోహన్ గారు చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు. నాకు నవ్వొచ్చింది, మొహంలో కనపడదు గాని. ఇంట్లో మనిషికి మాట్లాడ్డానికి మిగిలింది చిల్లర ఇవ్వండి అని!

ఆయన వెళ్ళాక వేణి వంటింట్లోకి పోయింది. నేను కంటితో ఒక్కో అక్షరం ఏరుకుని ఒక మాట రాశాను. పాతదాంట్లో ఈ మాట చాలాసార్లు రాసి, వేణి వచ్చేలోపల చెరిపేసేవాణ్ణి. రెండు వందల పద్నాలుగులో అది లేదు. గొంతు ఉన్నప్పుడు అలాంటి మాట అవసరమవుతుందని తోచలేదు, మగాణ్ణి కదా. ఇప్పుడు రాయగానే వార్తలాయన గట్టిగా చదివేశాడు, చెరపడానికి వీల్లేకుండా. “వేణీ, నాకు భయంగా ఉంది.”

గరిటె పట్టుకునే వచ్చింది. మంచం మీద కూర్చుంది. “నాకూ అంతేనండి. మూడేళ్ళ నించీనండి. మీరు ధైర్యంగా ఉన్నారు కదా అని నేను పైకి అనలేదండి” అంది. ఆ రోజు కూర మాడిపోయింది. చాలాసేపు వార్తలాయన మాట్లాడుతూనే ఉన్నాడు, వేణి జవాబు చెబుతూనే ఉంది. మధ్యలో చిన్ని వచ్చి వాళ్ళమ్మ వెనకాలే నిలబడి, “నువ్వు మా నాన్నవేనా?” అని మెషీనుని అడిగింది. ఆయ్, అన్నాడు ఆయన. చిన్ని ఇంకా పూర్తిగా నమ్మలేదు. నా కళ్ళూ తెరా మార్చి మార్చి చూస్తోంది.

పోయిన శుక్రవారం నీకు నేనే రాసి వినిపించాను. “అక్కా, అన్నం తిన్నావా?” తిన్నానురా అన్నావు. “ఏం కూర?” అని అడిగాను. ఫోను కట్ అయిపోయింది. నెట్‌వర్క్ పోయిందని సాయంత్రం మెసేజి పెట్టావు.

నిజంగా నెట్‌వర్కేనా? ఏం కూర అక్కా?

నీ తమ్ముడు,
ప్రసాదు.


సాల్మియా,
జనవరి 31, 2026.

ప్రసాదూ,

నెట్‌వర్కు కాదు. నేనే పెట్టేశాను.

ఆ గొంతు వినగానే గుండె జారిపోయిన మాట నిజమే. కానీ పెట్టేసింది అందుకు కాదు. మూడేళ్ళుగా నీ గొంతు నన్ను తిన్నావా అని అడిగితే తిన్నానన్నాను. తినని రోజూ తిన్నాననే అన్నాను. ఆ గొంతుకి రెండో ప్రశ్న లేదు. అడిగి ఊరుకునేది. నాకు అది ఎంత హాయిగా ఉండేదో నువ్వు ఏం కూర అని అడిగిన రోజు తెలిసింది.

ఏ కూరా లేదురా. గంజి. అదీ నిలవడం లేదు. అక్టోబరు నుంచి కడుపులో ఎడమపక్క నొప్పి. డాక్టరు పరీక్షలు రాసిచ్చాడు. ఆ చీటీ నా పెట్టెలో బట్టల అడుగున ఉంది. రోజూ ‘తర్వాత’ నొక్కుతూ వచ్చాను, నీకు నేర్పినట్టే. అందులో ఏం తేలుతుందోనని ఎంత భయమో, ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. సన్నబడ్డావన్న వేణికి కెమెరా మీద వంక పెట్టాను.

మేడంతో ఇవాళ పొద్దున చెప్పాను. రేపు ఆదివారం ఆస్పత్రికి వెళ్తున్నాను. చీటీ బయటికి తీసి చేతిసంచిలో పెట్టుకున్నాను.

శుక్రవారం ఫోన్ చెయ్యి. ఆ వార్తలాయన గొంతుతోనే అడుగు. ఏం తిన్నావు, ఎందుకు తినలేదు, డాక్టరు ఏమన్నాడు, అన్నీ అడుగు. మధ్యలో ఆయన బిగుసుకుపోతే చిన్ని లేపేదాకా ఫోను పట్టుకునే ఉంటాను.

అక్క.